పదకొండూ ఇరవై

ఫిబ్రవరి 10, మంగళవారం

ఇవాళ ఎస్సై దేవీప్రసాద్ మా ఆఫీసుకు వచ్చాడు. ప్రొబేషన్ వాళ్ళ హాజరు రిజిస్టర్ కావాలన్నాడు. ఇచ్చాను. పైడిరాజు పేజీ తిప్పి, ఈ నెల రెండో తారీఖు గడిని ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. "ఈ సీలు మీదేనా మేడమ్?" అన్నాడు. మాదే అన్నాను. మా అటెండరు చంద్రమౌళి తెచ్చిన టీ తాగి, మీ వీధిలో బండి పెట్టుకోవడానికి చోటే ఉండదని విసుక్కుంటూ మెట్లు దిగాడు. మొత్తం పావుగంట.

పైడిరాజు భార్య బుల్లమ్మ చనిపోయిందట. రెండో తారీఖు సోమవారం, దేవరాపల్లి అవతల వాళ్ళ ఊళ్ళో, చెరకుతోట పక్కనున్న నేలబావిలో తేలిందట. "ప్రాణం పోయింది పదికీ ఒంటిగంటకీ మధ్య అని డాక్టరు రాశాడు. వాళ్ళమ్మ అల్లుడే తోసేశాడంటోంది. మరి వాడు ఆ టైముకి ఊళ్ళోనే లేడు, మీ ముందు కూర్చున్నానన్నాడు. పదకొండూ ఇరవై అని మీ దస్తూరీతోనే ఉంది. కాలుజారి పడిందని కేసు మూసేస్తాం" అన్నాడు.

వేరే ఏమీ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని.

ఏం చెప్పేదాన్నో ఇక్కడ రాసుకుంటే తప్పేముంది? పైడిరాజు గానుగ దగ్గర తగాదాలో ఒకడి చెయ్యి విరగ్గొట్టాడు. మొదటి తప్పని కోర్టు జైలుకు పంపకుండా రెండేళ్ళ బాండు మీద వదిలి, నాకు అప్పగించింది. నెలనెలా మొదటి సోమవారం వచ్చి నాకు కనబడి సంతకం పెట్టాలి. డిసెంబరులో పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "సెరకు నరుకుళ్ళు మొదలైపోనాయి మేడమ్. మూడు నెల్లు ట్రాక్టరు దిగలేను. ఒక్క దినం మానేత్తే ఇంకోడ్ని ఎట్టేసుకుంతారు" అని కాళ్ళావేళ్ళా పడ్డాడు. జనవరి, ఫిబ్రవరి, మార్చి సంతకాలు ఆ రోజే పెట్టించి పంపేశాను. మార్చి గడిలో ముందే ఉన్న సంతకం ఎస్సై కంట పడలేదు. వాడొక్కడే కాదు, ఇంకో తొమ్మిదిమంది ఉన్నారు. కూలి పోగొట్టుకుని, రెండు బస్సులు మారి, నా మొహం చూసి వెళ్ళడానికి రావాలా? అయ్యో పాపం అంటే ఆర్నెల్ల పాపం చుట్టుకుంటుందని మా అమ్మ అనేది.

టైము నేనే వేస్తాను. చోడవరం బస్సు అనకాపల్లికి పదకొండుకు వస్తుంది. బస్సు కాంప్లెక్సు నుంచి నడిచి రావడానికి ఇరవై నిమిషాలు.

ఫిబ్రవరి 11

అడగలేదు కాబట్టి అబద్ధమాడలేదు. అది అంతే.

ఫిబ్రవరి 16, సోమవారం

పొద్దున్న నేను వెళ్ళేసరికే వరండా బల్ల మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. చేతిలో నీళ్ళ సీసా, వైరు బుట్ట. పేరు అప్పలనర్సమ్మ. బుల్లమ్మ తల్లి. నేనే పిలిచి లోపల కూర్చోబెట్టాను. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. ఒకే ఒక్క మాట అడిగింది.

"అమ్మా, ఆ దినం మా అల్లుడు ఈడకొచ్చేడా?"

"రిజిస్టర్లో ఉందమ్మా, సంతకం కూడా ఉంది" అన్నాను.

"అది పోలీసోలు సూపించేరు. నాకు సదువు రాదు గదా. నీ కంటితో నువ్వు సూసేవా అని."

"రోజూ బోలెడుమంది వస్తుంటారు. ఎవరొచ్చారో అంత గుర్తుండదు."

"సర్లే అమ్మా. గురుతొచ్చినాక సెప్పు. మళ్ళీ సోమారం వత్తాను."

కోపం లేదు, గొంతు పెంచడం లేదు. రేషను షాపులో రాగులు ఇవాళ లేవు, రేపు రమ్మంటే సరేనన్నట్టు లేచి వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 17

ఎవరూ చదవని పుస్తకం ఇది. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను?

రెండో తారీఖున పైడిరాజు రాలేదు. ఆ రోజు పదిమంది పేర్ల ఎదురుగా టైము వేశాను. 'హాజరయ్యారు. ప్రవర్తన సంతృప్తికరం' అని రాశాను. ఆ పదిమందిలో ఒక్కరూ రాలేదు. నేను పెన్ను మూత బిగించి, డబ్బాలో తెచ్చుకున్న ఉప్మా తిన్నాను. బుల్లమ్మ అప్పటికి బావిలో ఉంది.

వాడే చేశాడని నేను అనడం లేదు. ట్రాక్టరు మీదే ఉన్నాడేమో. అలాగైతే నేను దాచినదానివల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ ట్రాక్టరు మీద ఉన్నవాడు ట్రాక్టరు మీద ఉన్నానని చెబుతాడు కదా. పోలీసులతో మేడమ్ దగ్గర ఉన్నానని ఎందుకు చెప్పాడు?

ఫిబ్రవరి 23, సోమవారం

మళ్ళీ వచ్చింది. అదే ప్రశ్న. అదే జవాబు. మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చుంది. చంద్రమౌళి టీ ఇస్తే గ్లాసు కడిగి మరీ ఇచ్చింది.

ఆమె వెళ్ళాక చంద్రమౌళి నా టేబుల్ తుడిచిందే తుడుస్తూ నిలబడ్డాడు. "మేడమ్, నాను మేలో దిగిపోతాను. పింఛను కాగితాలు ఇప్పుడే కదిలినాయి. ఆ రిజిస్టర్లో రోజూ సీలేసింది నానే. మీకేటి గురుతుంటే నాకూ అదే గురుతుంటాది" అన్నాడు.

ముప్ఫై ఆరేళ్ళ సర్వీసు ఆయనది. నాది పదిహేడు. తప్పుడు రికార్డు రాశానని నేనే ఒప్పుకుంటే ముందు సస్పెన్షను, తర్వాత నామీదే కేసు. ఇద్దరం దొంగకు తేలు కుట్టినట్టు మాట్లాడకుండా కూర్చున్నాం.

ఫిబ్రవరి 26

స్నానానికి బకెట్టు నింపుతూ కుళాయి మధ్యలోనే కట్టేశాను. నిండిన నీళ్ళలోకి వంగి చూడలేకపోతున్నాను. ఇలాంటిది నాకు ఎప్పుడూ లేదు.

మార్చి 1, ఆదివారం

మొదటి ఆదివారం. చర్చిలో ప్రభు బల్ల. రొట్టె పళ్ళెం నా దగ్గరికొస్తే ముట్టుకోకుండా పక్కకు అందించాను. రూఫస్ నా వైపు చూశాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో నేను బల్ల వదిలేయడం ఆయన చూడలేదు. బయటకొచ్చాక "ఏమైంది షెకీనా?" అన్నాడు. కడుపులో బాగాలేదన్నాను. దారిలో మందుల షాపు దగ్గర బండి ఆపి మాత్రలు కొన్నాడు. ఇంటికొచ్చి వేసుకున్నాను.

మార్చి 2, సోమవారం

పైడిరాజు వచ్చాడు.

రావక్కర్లేదు. మార్చి సంతకం ఎప్పుడో పెట్టేశాడు. అయినా వచ్చాడు. గుండు మీద వెంట్రుకలు మొలుస్తున్నాయి, ఉతికిన చొక్కా. రిజిస్టర్ తెరిస్తే వాడి సంతకం ముందే అక్కడ ఉంది, ఇక పెట్టడానికి చోటు లేదు. ఇద్దరం ఆ గడినే చూశాం. పాత కాగితంలో చుట్టిన బెల్లం దిమ్మ నా టేబుల్ మీద పెట్టాడు. "కొత్త బెల్లం మేడమ్. మీ దయ" అన్నాడు.

తీసుకెళ్ళమన్నాను. వినిపించుకోలేదు. తలొంచుకుని, పాఠం ఒప్పజెప్పినట్టు మొదలుపెట్టాడు. "ఆ దినం నాను నీలం సొక్కా ఏసుకున్నాను మేడమ్. సెమటట్టేసి ఫేను కింద నిలబడ్డాను. మీరే కూకోమన్నారు. గురుతుందా?"

నేను ఉందనలేదు, లేదనలేదు.

బయట బల్ల మీద అప్పలనర్సమ్మ ఉంది. వెళ్తూ వెళ్తూ ఆమె ముందు ఆగి "అత్తా, తిన్నావేటి?" అన్నాడు. మామూలుగానే అన్నాడు. ఆమె వాడి వైపు చూడలేదు. కిటికీలోంచి నన్ను చూస్తోంది. వాడు మెట్లు దిగాక లోపలికొచ్చి అడిగింది. "ఇయాల ఆడొచ్చేడు, నువ్వు సూసేవు. ఆ దినం కూడా ఇలగే సూసేవా అమ్మా?"

తలనొప్పిగా ఉందని పంపేశాను. బెల్లం చంద్రమౌళి తీసుకెళ్ళాడు.

మార్చి 4

నీలం చొక్కా.

మార్చి 6, శుక్రవారం

ఫిబ్రవరి మొదట్లో నీలం చొక్కావాడొకడు ఫ్యాను కింద నిలబడ్డ మాట నిజమే. అది రెండో తారీఖో మరొకటో చెప్పలేను. "నిలబడ్డావేం, కూర్చో" అన్నట్టు గుర్తు. నేను అందరితోనూ అలాగే అంటాను.

మార్చి 7

చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. ఎడమ చేతికి ఎర్రదారం ఉంది. ఇంత వివరంగా గుర్తుందంటే చూడకుండా ఉంటానా?

ఫిబ్రవరి పదిహేడున ఇక్కడ రాసింది కంగారులో రాసింది. పోలీసులొస్తే ఎవరికైనా కంగారే. ఆ పదిమందిలో ఒకడు వచ్చి ఉండవచ్చు. ఉప్మా తిన్నది ఆ తర్వాత.

మార్చి 9, సోమవారం

చెప్పేశాను.

ఆమె కూర్చోకముందే చెప్పాను. "వచ్చాడమ్మా. నీలం చొక్కా వేసుకొచ్చాడు. ఫ్యాను కింద నిలబడితే నేనే కూర్చోమన్నాను. నా కళ్ళతో చూశాను." తడబడలేదు. నాకే ఆశ్చర్యమేసింది.

అప్పలనర్సమ్మ చాలాసేపు నా నోటి వైపే చూసింది. తర్వాత, "అయితే నాకే మతి పోనాదన్నమాట" అంది. ఎందుకలా అందో నేను అడగలేదు. వైరు బుట్ట తీసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి నాకు దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం ఎందుకు పెట్టిందో కూడా అడగలేదు.

పోనీలే. ఒక మాటతో ముసలామెకు మనశ్శాంతి కలిగింది. నాకూ కలగాలి మరి.

మార్చి 16, సోమవారం

బల్ల ఖాళీ. పదింటికి ఒకసారి, పదకొండూ ఇరవైకి ఒకసారి తలుపు దాకా వెళ్ళి చూశాను. మనిషి లేకపోయినా ఆ బల్ల చివర ముదురాకుపచ్చ చీర కొంగు ఉన్నట్టే ఉంది. ఫైలు మీద కన్ను పెడితే పక్క చూపులో కనబడుతుంది, తిన్నగా చూస్తే ఉండదు. నాకు భయంగా ఉంది. బల్లను లోపలికి పెట్టించాను.

మార్చి 18, బుధవారం

కొత్త అమావాస్య. ఊరంతా నూకాలమ్మ జాతర జనం. ఆఫీసుకు ఎవరూ రాలేదు. ఏ పనీ లేకపోతే పాతవన్నీ పైకొస్తాయి.

ఇన్నాళ్ళూ రాయని సంగతి ఒకటుంది. మరిచిపోయి రాయలేదని అనుకుందామంటే నాకే నవ్వొస్తోంది.

డిసెంబరులో పైడిరాజు మూడు సంతకాలూ పెట్టి కిందికి దిగాక, బుల్లమ్మ ఒక్కతీ వెనక్కి వచ్చింది. చెప్పులు మరిచిపోయానని మొగుడితో చెప్పి వచ్చిందట. తలుపు పట్టుకుని నిలబడి, "మేడమ్, సంతకాలు అలగ ముందే ఒద్దండి. నెలకోపాలి ఈణ్ణి మీ కాడికి రప్పించండి" అంది.

నేను నవ్వాను. "ఏం, నెలకోసారి నీకు అనకాపల్లి షికారు కావాలా?" అన్నాను. దానికి ఆమె కూడా నవ్వింది. నవ్వాలి కనక నవ్వింది. "మీ కాడికి రావాలంటే రెండు దినాలు ముందరనుండీ సెయ్యెత్తడు మేడమ్. మీరు నా ఒంటి మీద దెబ్బలు సూత్తారని బయం" అంది.

ఇది నేను విన్నాను. చెవిటిదాన్ని కాదు. "నేను ఫోన్లో గట్టిగా చెబుతాలే" అని పంపేశాను. ఫోన్ చెయ్యలేదు. ఆ పూటకి అంత ముఖ్యమైన విషయంగా కనబడలేదు. మా దగ్గరికొచ్చే ఆడవాళ్ళలో సగం మంది అదే చెబుతారు.

నెలకు రెండు రోజులు. అవి నా చేతిలో ఉన్నాయి. జాలిపడి అవి తీసి వాడికిచ్చాను.

మార్చి 19

నీలం చొక్కావాడు ఎవరూ లేడు. నేను కుట్టిన చొక్కా అది.

మార్చి 20, శుక్రవారం

పోతురాజని, పైడిరాజు వాళ్ళ ఊరివాడే, ఇంకో కేసులో బాండు మీదున్నాడు. ఇవాళ వచ్చి చంద్రమౌళితో చెప్పాడట. అప్పలనర్సమ్మకు మతి చెడిందంటున్నారట. కొడుకు లాంటి మేనల్లుడెవరో రక్షరేకు కట్టించాడట. "మేడమ్ సూసేనని సెప్పినాక నాను సూసింది అబద్దమే గదా" అంటోందట ఊళ్ళో అందరితోనూ.

"ఆవిడేటి సూసిందంటారు మేడమ్?" అన్నాడు చంద్రమౌళి.

"నాకేం తెలుసు" అన్నాను. నిజంగానే తెలియదు. మూడు సోమవారాల పాటు ఆమె నన్ను అడుగుతూనే ఉంది. నేను ఆమెను ఒక్కటీ అడగలేదు.

మార్చి 24, మంగళవారం

గృహ సందర్శనకు వెళ్ళాను. ఈ ఏడాదిలో కుర్చీలోంచి లేచి వెళ్ళి చేసినది ఇదే. చోడవరంలో బస్సు మారాను. పైడిరాజు గానుగ దగ్గర ఉన్నాడని ఎవరో చెప్పారు. నాకు కావలసింది వాడు కాదు.

అప్పలనర్సమ్మ ఇల్లు అల్లుడి ఇంటికి రెండిళ్ళ అవతల. రేకుల కొట్టు, ముందు చిన్న అరుగు. పక్కింటి దేముడమ్మ చేటలో చింతపండు గింజలు తీస్తూ నన్ను ఎగాదిగా చూసింది. నేనెవరో చెప్పగానే మొదలుపెట్టింది. "ఈ మనిసికి తిన్నగా నేదు మేడమ్. కూడు తినీసి, నాను తిన్నానా అని నన్నడుగుతాది. పొయ్యి ఆర్పీసి, ఆర్పేనా అని అడుగుతాది. ఆవిడ కళ్ళు ఆవిడే నమ్మదు. మంచి మనిసమ్మా, ఇలగైపోనాది."

అప్పలనర్సమ్మ లోపల గోడకు ఆనుకుని ఉంది. మెడలో రక్షరేకు, కొత్త నల్లతాడు. నన్ను చూసి లేవబోయింది. నేనే వెళ్ళి కింద కూర్చున్నాను. దారి పొడుగునా చాలా తయారుచేసుకున్నాను. పని ఒత్తిడి అనీ, అందరూ చేసేదే అనీ, నా ఉద్దేశం మంచిదే అనీ. అక్కడ అవేవీ నోటికి రాలేదు.

"రాలేదమ్మా" అన్నాను.

"ఎవులు?"

"నీ అల్లుడు. ఆ రోజు మా ఆఫీసుకు రాలేదు. నేను చూడలేదు. సంతకం డిసెంబరులోనే పెట్టించుకున్నాను. టైము నేనే వేశాను. చొక్కా మాట వాడు చెప్పింది, నేను నీకు చెప్పాను. అంతా అబద్ధం."

"మళ్ళీ సెప్పు."

చెప్పాను.

"ఇంకోపాలి."

మూడోసారి చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది. దుమ్మెత్తి పోస్తుందని, పోస్తే బాగుండునని కూర్చున్నాను. ఆమె మాత్రం తన అరచేయి తిప్పి చూసుకుంటోంది.

"అయితే నాను ఆడికి కూడెట్టినమాట నిజమే" అంది.

తర్వాత ఆమె ఆగకుండా చెప్పింది. నెమ్మదిగా, ఒక్కొక్కటీ తనకు తాను సరిచూసుకుంటూ. "ఆ దినం బుల్లమ్మ బట్టలట్టుకుని బేగి ఎల్లిపోనాది. నాను ఆళ్ళింట్లో వండుతన్నాను. సొరకాయ కూరలో ఎండుసేపలు, మెత్తళ్ళేసేను. ఆడు తోటలోనుండి వచ్చీసేడు. పొద్దు ఇంకా నడినెత్తికి రానేదు. పీటేసి కూడెట్టేను. రెండుపాల్లు ఏయించుకున్నాడు. సెయ్యి కడుక్కుని, బుల్లమ్మేదత్తా అన్నాడు. బావికాడుంది, ఒక్కతే ఉంది, బట్టల మూట బరువు, ఎల్లి అందుకో అన్నాను."

మళ్ళీ తన అరచేతి వైపే చూసుకుంది.

"నానే పంపేనమ్మా" అంది.

ఆమె చెయ్యి పట్టుకున్నాను. పట్టుకోనిచ్చింది.

"పోలీసోలు నువ్వు కలగన్నావన్నారు. ఆడు ఊల్లోనే నేడన్నారు. అప్పుడు నీ కాడికొచ్చేను. నువ్వు నీలం సొక్కా మాట సెప్పినావు సూడు, ఆ వారమంతా నిద్దరోయేను. ఆడింటికి రానేదు, నాను కూడెట్టనేదు, బావి మాట సెప్పనేదు, నాకు మతి పోనాదంతే. అది బాగుందమ్మా. మతి పోతే పోనాది, నా పిల్లని నాను అప్పగించనేదు గదా అనుకున్నాను."

ఆ దణ్ణం ఎందుకు పెట్టిందో అప్పుడు అర్థమైంది. ఒక్క క్షణం నాకనిపించింది, అనిపించింది కనక రాస్తున్నాను: నేను రాకుండా ఉండాల్సింది. ఆ అబద్ధం నన్ను కాపాడినట్టే ఆమెనీ కాపాడుతోంది. ఇద్దరం దాని కిందే బతికేసేవాళ్ళం. వాడు నెలనెలా మొదటి సోమవారం వచ్చి సంతకం పెట్టేవాడు.

"రేపు రిజిస్టర్ పట్టుకుని స్టేషన్‌కి వెళ్తున్నాను" అన్నాను. "చేసింది రాసిచ్చేస్తాను. నా ఉద్యోగం సంగతి తర్వాత. కానీ నేను చెప్పేది వాడు మా దగ్గర లేడన్న ఒక్క మాటే. ఎక్కడున్నాడో చెప్పగలిగింది నువ్వే. కూడు పెట్టానని చెబితే చాలదు. వాడేం అడిగాడో, నువ్వేం చెప్పావో, ఆ బావి మాట కూడా చెప్పాలి. పదిమందిలో చెప్పాలి, కోర్టులో మళ్ళీ మళ్ళీ అడుగుతారు. వచ్చి చెప్పగలవా?"

అప్పలనర్సమ్మ మెడలో రక్షరేకు తాడు ముడి విప్పడానికి చూసింది, వేళ్ళకు చిక్కలేదు. నేను విప్పబోతే వద్దంది. పళ్ళతో కొరికి తెంపి, రేకు గూట్లో పెట్టింది.

"వత్తానమ్మా" అంది. "సెప్పకేటి సేత్తాను? మతుంది గదా నాకు."